బిలాత్ ఎన్నికల దర్జీ

ఆయన జనాజా వెంట రెండువేల మంది నడిచారనీ, పాడె ముందు కొమ్ము పట్టిన ఇద్దరిలో నేనొకణ్ణనీ చాలా చోట్ల చెప్పాను. సభల్లో చెప్పాను, రైళ్లలో చెప్పాను, ఒకసారి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా చెప్పాను. ఈమధ్య అనంతపురంలో కళ్లద్దాల అంగట్లో కూర్చునుంటే గోడమీది టీవీలో బ్రిటన్ వార్తలొచ్చాయి. అక్కడి లేబర్ పార్టీలో, అంటే కూలీల పార్టీలో, నాయకుణ్ణి ఉంచాలా దించాలా అని గొడవట. కోటు వేసుకున్న మనిషొకడు మెట్లు దిగుతున్నాడు. నా నోట్లోంచి నాకు తెలీకుండానే ఒక మాట జారింది.

“ఎడమ భుజం జారిండాది. ఈయప్ప నిలబడడు.”

అంగట్లో అమ్మాయి “ఏం సార్?” అంది. ఏమీ లేదమ్మా అన్నాను. ఆ మాట నాది కాదు. బెళుగుప్ప దారిలో మా ఊరి కాఫీ హోటలు పంచలో కుట్టు మిషను పెట్టుకున్న దర్జీది. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. ఆయన గురించి ఒక్కసారైనా కొలత తప్పకుండా రాయాలనిపించింది. రెండువేల లెక్క సంగతి చివర్లో చూద్దాం.

మనిషి ఆరడుగుల పైన ఉండేవాడు. గొంతెత్తితే రోడ్డవతల బండెద్దులు ఆగిపోయేవి.

ఆ రెండు మాటలూ కొట్టెయ్యండి. అలవాటు చొప్పున వచ్చేశాయి. నా భుజం దాకా వచ్చేవాడు. గొంతు ఎత్తలేడు. పడుచుతనంలో కోలారు బంగారు గనుల్లో పదేళ్లు రాయి కొట్టాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది. నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు, పది మాటలకు ఆయాసం. ఇక రాయి కొట్టలేక, కూర్చుని చేసే పని అని కుట్టుపని నేర్చుకున్నాడు. పీర్ల పండక్కి దట్టీలు, పెళ్ళిళ్లకు రవికెలు, ఎన్నికలకు ఎర్రజెండాలు, అన్నీ ఆ ఒక్క మిషను మీదే. దగ్గొచ్చినప్పుడు అరచెయ్యి చక్రం మీద పెట్టి ఆపేవాడు. దగ్గయ్యాక అదే చేత్తో చక్రాన్ని ఒక్క తట్టు తట్టేవాడు, ఆగమన్నది తనే అయినా మిషనుకు క్షమాపణ చెబుతున్నట్టు.

మా ఊరి ఎర్రజెండా పార్టీకి ఏడుగురం సభ్యులం. మొదట్నుంచీ ఆయనే కార్యదర్శి. సమావేశమంటే హోటలు వెనక వేపచెట్టు నీడన గోనెసంచులు పరుచుకుని కూర్చోవడమే. బావి గొడవ, కూలి రేట్లు, కరువు గంజి కేంద్రం. ఇవన్నీ అయిపోయాక ఆఖరి అంశం ఎప్పుడూ ఒకటే: బిలాత్ సమాచారం, అంటే బ్రిటన్ కబుర్లు. ఏ ఊళ్ళోనైనా ఇట్లాంటి అంశం ఉంటుందా? మా ఊళ్ళో ఉండేది. దానికో కారణం ఉంది.

కోలారు గనిలో ఆయన మీద ఒక బిలాత్ మేస్త్రీ ఉండేవాడట. తెల్లోడే కానీ వాళ్ళ దేశంలో బొగ్గు గనిలో దిగినవాడు, అక్కడి కూలీల పార్టీ మనిషి. ఒకరోజు సొరంగం పైకప్పు కూలి ఇద్దరూ ఒక మూల ఇరుక్కుపోయారు. పైనుంచి తవ్వి తీసేదాకా ఒకే సీసాలో నీళ్లు తాగారు. ఆ చీకట్లో ఆ తెల్లోడు సగం ఇంగ్లీషూ సగం గని భాషలో చెప్పాడట: మా దేశంలో ఒకరోజు మా కూలోళ్లు తుపాకి పట్టకుండా, ఒట్టి చీటీలు వేసి, దొరల్ని దింపుతారు, చూస్తూ ఉండు అని. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన సంవత్సరం, నలభైఐదులో, అదే జరిగింది. ఈయనకు అప్పట్నుంచీ అది వేదం.

“చీటీతో దించినారు మల్ల. ఒక్క గుండు పేల్లేదు. ఆడ అయింది ఈడ యాల కాదు?” అనేవాడు.

అయితే యాభైఒకటిలో ఆ కూలీల పార్టీ ఓడింది. యాభైఐదులో మళ్ళీ ఓడింది. హోటలుకు అనంతపురం బస్సులో ఇంగ్లీషు పేపరు ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. ఊళ్ళో అది చదవగలిగింది నేనొక్కణ్ణే. ఎస్సెల్సీ మొదటి తరగతిలో... సరే, ప్యాసయినవాణ్ణి. మా నాయన మెట్ట చేలల్లో శెనక్కాయ వేసుకుంటూ, మధ్యాహ్నానికి మిషను పక్కన బల్ల మీద చేరేవాణ్ణి. నేను చదివేవాణ్ణి, ఆయన బొమ్మలు చూసేవాడు. నాయకుల ముఖాలు చూడడు, కోట్లు చూస్తాడు.

ఆ పార్టీ ముసలి నాయకుడు తప్పుకున్నాక కొత్త నాయకుణ్ణి ఎన్నుకున్న రోజు నాకింకా గుర్తుంది. పోటీలో ఒకాయన గనిలో దిగి వచ్చినవాడు, మాటల్లో నిప్పులు పోసేవాడు. ఇంకొకాయన పెద్ద చదువులవాడు. చదువులాయన గెలిచాడు. దర్జీ పేపరును కళ్ళ దగ్గరకు తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

“ఇది చూడప్పా. చంకల్లో ఒక్క ముడతన్నా ఉండాదా? ఈ కోటు తొడుక్కోని చెయ్యి పైకెత్తినోడు కాదు ఈయప్ప. గనిలో దిగినోణ్ణి పక్కనబెట్టి సదువుకున్నోణ్ణి కూర్చోబెట్టినారు.”

“అయితే ఏం మామా, సదువుకున్నోడు ఓట్లు తెస్తాడు కదా” అన్నాను. చదువుకున్నవాణ్ణి కదా నేనూ.

“తెస్తాడేమో. చూద్దాం” అన్నాడు. ఆయనకు ఎవరిమీదా కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు. కోపానికి ఊపిరి కావాలి మరి.

వాళ్ళావిణ్ణి నేను అత్తా అనేవాణ్ణి. సద్ది తెచ్చి ఇచ్చినప్పుడల్లా ఆమె పేపరు వంక ఒక చూపు విసిరేది. “ఇంట్లో జొన్నపిండి ల్యాదు. ఈయప్పకు బిలాత్‌లో ఎవురు కుర్చీ ఎక్కినారో కావల్ల. ఆడ ఎక్కినోడు వచ్చి ఈడ వాన కురిపిస్తాడా?”

“కురిపిస్తాడు, నువ్వు గొడుగు తీసిపెట్టు” అనేవాడు ఈయన. ఆ మాటకు ఆమే ముందు నవ్వేది.

ఇక యాభైతొమ్మిది. అసలు సంగతి ఇక్కడుంది కాబట్టి కొంచెం మెల్లగా రాస్తాను.

ఆ ఏడు వానలు రెండు పదున్ల తర్వాత మొహం చాటేశాయి. జూలై ఆఖర్లో కేరళలో ఓట్లతో గెలిచిన మనవాళ్ళ ప్రభుత్వాన్ని ఢిల్లీ ఎత్తేసింది. వేపచెట్టు కింద మాటలు మారిపోయాయి. ఓట్లు వేసి గెలిచినా ఉండనివ్వరు, ఇంక ఓట్లెందుకు అని మా ఏడుగురిలో నలుగురు తిరగబడ్డారు. ఓటు దారి అని మమ్మల్ని ఇన్నేళ్లు తిప్పింది నువ్వే, నువ్వు దిగిపో అన్నారు. దర్జీ చెప్పింది ఒకటే: “అక్టోబరులో బిలాత్‌లో ఎలక్షన్లుండాయి. ఆడ కూలోళ్లు మళ్ల గెలిస్తే ఏమంటారు? అంతదాకా తాళండి.” తాళారు. ఎన్నికలయ్యాక జిల్లా నాయకుడు అనంతపురం నుంచి వచ్చి సమావేశం పెడతాడనీ, కార్యదర్శి ఎవరో అప్పుడు తేలుతుందనీ నిర్ణయమైంది. ఆయనకు ఉన్నది ఆ ఒక్క పదవి. గనిలో ఊపిరి పోయాక, ఊళ్ళో ఆయన్ను ‘సాయిబూ, గుండీ ఊడింది’ అని కాకుండా వేరే మాటతో పిలిచేది ఆ వేపచెట్టు కింద మాత్రమే.

పేపరు మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. విప్పాను. మొదటి పేజీలోనే ఉంది. దొరల పార్టీ వరసగా మూడోసారి గెలిచింది. నూరు సీట్ల తేడా.

చక్రం మీద అరచెయ్యి పడింది. దగ్గు కోసం కాదు.

“ఏమప్పా అల్లుడా?”

“గెలిచినారు మామా.”

“ఎవురు?”

“మనోళ్లే.”

“ఎన్ని సీట్లు ఎక్కువ?”

పేపర్లో ఉన్న అంకెను నేను మార్చలేదు. పార్టీల పేర్లు మాత్రం అటుదిటు చేశాను. “నూరు” అన్నాను.

ఆయన అరవలేదు, లేచి గంతులేయలేదు. అద్దాలు తీసి రవికె ముక్కతో తుడుచుకున్నాడు. “నూరా” అన్నాడు. కొంచెం ఆగి మళ్ళీ “నూరు” అన్నాడు. మిషనులో ఉన్న ఎవరిదో రవికె తీసి పక్కన పెట్టి, బల్ల కింది పెట్టెలోంచి ఎర్రగుడ్డ లాగాడు. కొత్త జెండా మొదలుపెట్టాడు.

జాలితో చెప్పాను అని రాస్తే బాగుంటుంది. కొన్నేళ్లు అట్లాగే అనుకున్నాను కూడా. జాలి ఉంది, లేకపోలేదు. కానీ ఆయన ముఖం వెలిగింది నా మాటకే కదా, ఆ రుచి కూడా ఉంది. జిల్లా నాయకుడు వస్తే నిజం తెలుస్తుందని తెలుసా? తెలుసు. అంతదాకా, పంచాయతీ రేడియోకు బ్యాటరీ అయిపోయి ఊళ్ళో ఇంకెవరికీ తెలిసే దారి లేదు, చెబితే నేనే చెప్పాలి. చెప్పొచ్చు. మరుసటి రోజు పొద్దున్నే చెబుదామని వెళ్లాను. ఆయన ఊళ్ళో అందరికీ బొరుగులూ బెల్లమూ పంచుతున్నాడు. నా దోసిట్లోనూ పోశాడు. తిన్నాను.

జిల్లా నాయకుడు దిగే రోజు బస్సు దగ్గర నాలుగువందల మంది కూలీలు... నలభై. నలభై మంది, శెనక్కాయ పెరికే చేలల్లోంచి మట్టికాళ్ళతో వచ్చారు. కొత్త జెండా హోటలు గుంజకు కట్టి ఉంది. నాయకుడు బస్సు దిగి, చంకలో సంచీతో, జెండా వంక చూశాడు.

“ఏమప్పా ఈ సంబరం?”

“బిలాత్ గెలుపన్నా. రెండు మాటలు చెప్పన్నా మనోళ్లకు. నూరు సీట్లు ఎక్కువ!” దర్జీ ఒక్క ఊపిరిలో అంత చెప్పి దగ్గాడు.

నాయకుడు ఆ దగ్గు ఆగేదాకా ఉన్నాడు. తర్వాత సంచీలోంచి పేపరు తీశాడు. “గెలిచింది దొరలప్పా. నూరు సీట్లు దొరలకు. ఎవురు చెప్పినారు నీకు?”

హోటలు బల్ల మీద కాఫీ తాగుతున్న ఒక రెడ్డి గట్టిగా నవ్వాడు. “ఏం సాయిబూ, బిలాత్ రాణి నీకు జాబు రాసిందా?” కూలీలు కూడా నవ్వారు. వాళ్ళను తప్పు పట్టలేం, ఆ ఏడు నవ్వే సందర్భాలు తక్కువ.

నేను మనుషుల వెనక నిలబడి ఉన్నాను. దర్జీ నా వైపు చూడలేదు. నలభై మందిలో అందరి వంకా చూశాడు, నా వంక తప్ప. ఆయనకు అంతా అర్థమైందని నాకు అప్పుడే తెలిసింది.

“అబ్బోడు సరిగ్గానే చదివినాడన్నా” అన్నాడు. “నేనే గుడ్డను తిరగేసి కుట్టినట్ట తిరగేసుకున్న్యా. గెలవల్లని ఉన్నింది. గెలిచినారని చెప్పినా.”

వేపచెట్టు కింద సమావేశం ఎక్కువసేపు జరగలేదు. “ఓటు దారి నిలబెట్టుకునేకి అబద్ధాలు పంచితే పార్టీ యాడ నిలబడతాదప్పా?” అన్నాడు నాయకుడు. కోపంగా కాదు, అలసటగా. కొత్త కార్యదర్శి ఎవరని అడిగాడు. ఎవరో నా పేరు చెప్పారు, చదువుకున్నోడు, ఉన్నది ఉన్నట్టు చదివేవాడు అని. ఆరు చేతులు లేచాయి. ఆరోది ఆయనది.

జిల్లా మొత్తంలో అందరికంటే చిన్న వయసులో కార్యదర్శి అయినవాణ్ణి నేను అని చెప్పుకుంటుంటాను. అయిన తీరు ఇది.

దర్జీ గోనెసంచులు మడుస్తూ నా పక్కకు వచ్చాడు. మెడలోని టేపు తీశాడు.

“ఆడ చేసిందే ఈడా చేసినాం. గనిలో దిగినోడు పక్కకు, సదువుకున్నోడు ముందుకు. నిలబడు, భుజాలు కొలుస్తా. కార్యదర్శికి ఒక మంచి చొక్కా ఉండల్ల.”

కుట్టి ఇచ్చాడు. మూడేళ్లు తొడుక్కున్నాను. ఎక్కడా బిగుసుకోలేదు, ఎక్కడా వదులు లేదు. ఆ చొక్కాతో నాకున్న ఇబ్బంది అదే.

మర్నాడు మధ్యాహ్నం హోటలుకు పోవాలా వద్దా అని మా చేను గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. పోయాను. ఆయన బల్ల మీద జరిగి చోటిచ్చాడు. “చదువప్పా” అన్నాడు. అంతే. ఆ తర్వాత ఐదేళ్లు రోజూ చదివాను, అక్షరం పొల్లుపోకుండా. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తప్పు ఒప్పుకోవడానికి మనిషి ఎదురుగా ఉంటే సరిపోదు, ఆ మనిషి ఒక్కసారైనా కోపంగా చూడాలి. ఆయన చూడడే.

ఆ చదువులాయన, అక్కడి నాయకుడు, అరవైమూడు మొదట్లో ఉన్నట్టుండి జబ్బుచేసి చనిపోయాడు. ఆ వార్త చదివిన రోజు దర్జీ మిషను ఆపేసి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “పాపం, కోటు చినగక ముందే పాయ” అన్నాడు. ఆయన స్థానంలో వచ్చినాయన నోట్లో పైపు, ఒంటి మీద ఎప్పుడూ ఒక వానకోటు. ఆ బొమ్మను దర్జీ కత్తిరించి మిషను డబ్బా లోపల అంటించుకున్నాడు.

“ఈయప్ప మీద నాకు గురి ఉండాది.”

“ఎందుకు మామా?”

“వానకోటు తొడుక్కున్నాడు చూడు. వాన వస్తాదని నమ్మినోడే కదా అది తొడిగేది.”

అప్పటికి మాకు వరసగా వానల్లేవు. ఆయన బక్కచిక్కిపోయాడు. మిషను తొక్కడానికి కాళ్ళల్లో బలం ఉండేది, ఊపిరిలో ఉండేది కాదు. అరవైనాలుగు వచ్చేసరికి ఇక్కడ మా పార్టీయే రెండుగా చీలుతోంది. మా ఏడుగురు నలుగురూ ముగ్గురూ అయ్యారు. రెండు పక్షాలూ వేర్వేరుగా ఆయన ఇంటికి వచ్చి జెండాలు కుట్టమన్నాయి. మంచం మీద కూర్చుని, చేత్తోనే కుట్టాడు, రెంటికీ ఒకే తానులోంచి కత్తిరించి. కార్యదర్శిగా నాది తీసుకోవడానికి వెళితే రెండూ పక్కపక్కన పెట్టాడు. “ఏది నీదో ఏరుకోప్పా. నాకు కండ్లు ఆనవు” అన్నాడు.

ఆ అక్టోబరులోనే పేపరు చంకన పెట్టుకుని పరిగెత్తాను. నిజంగానే పరిగెత్తాను, ఇది పెంచింది కాదు. ఆయన వాకిట్లో నులకమంచం మీద గోడకానుకుని ఉన్నాడు. అత్త పొయ్యి ఊదుతోంది.

“మామా, గెలిచినారు. వానకోటాయన గెలిచినాడు.”

ఆయన నన్ను చూశాడు. యాభైతొమ్మిదిలో బస్సు దగ్గర చూడని చూపు అది. ఐదేళ్లు దాచుకుని ఇప్పుడు చూశాడు.

“ఎన్ని సీట్లు ఎక్కువ?”

“నాలుగు.”

మొదట భుజాలు కదిలాయి. దగ్గనుకుని అత్త నీళ్లు తెచ్చింది. దగ్గు కాదు, నవ్వు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని అన్నాడు:

“అయితే నిజమేనప్పా. అబద్ధమయింటే నువ్వు నూరంటావు.”

నేను మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఐదేళ్లుగా అడగనిది అడిగేశాను. “ఆ పొద్దు నా పేరు యాల చెప్పలేదు మామా?”

“చెప్పింటే ఇద్దరం పోతాంటిమి. బ్రాంచిలో ఇంగిలీసు చదివేటోడు ఒగడన్నా ఉండల్ల కదా.” ఇంకేమైనా అంటాడేమో అని చూశాను. క్షమించాననో, క్షమించలేదనో. అదేమీ లేదు. పేపరు తీసుకుని బొమ్మలో కోటు చూసుకున్నాడు. “నాలుగు సీట్లంటే చానా తక్కువ మామా, ఎన్నాళ్లు నిలబడతారో” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“నలుగురు సాలప్పా. నన్ను మోసేకి గూడా నలుగురే కదా కావల్సింది.”

“ఆ నోరు మూసుకో, పొద్దుగుంకే యాళకు” అంది అత్త.

ఆ మరుసటి ఎండాకాలం పోయాడు. గంజి కేంద్రాలు మళ్ళీ తెరిచిన నెల. ఊళ్ళో సగం మంది కూలికి వలసపోయారు. రోడ్డు పనుల్లో ఉన్నవాళ్ళు పని వదిలితే ఆపూట గంజి లేదు.

పదకొండు మంది నడిచారు. నలుగురు మోశారు, బదులుకు ఇంకో నలుగురు, వెనక ముగ్గురు. ఈ లెక్క నేను లెక్కపెట్టింది కాదు. అత్త చెప్పింది. ఆరోజు నేను గుంతకల్లులో ఉన్నాను, చీలిన రెండు ముక్కల్లో మా ముక్కకు నాయకుడు ఎవరు కావాలో చెయ్యెత్తి చెప్పడానికి. కబురు అందింది. ఓటు అయ్యాక పోదామనుకున్నాను.

మర్నాడు పోయాను. వాకిట్లో మిషను మీద ఎర్రగుడ్డ కప్పి ఉంది. అత్త నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

“ఎంతమంది వచ్చినారత్తా?” అన్నాను.

“పదకొండు” అంది. “నిన్ను కలిపితే పన్నెండయ్యేది.”